రీలు కెమెరాకు ప్రాణం పోసిన బ్యాంకు గుమాస్తా

1960లు, 70ల నాటి సినిమా వాల్‌పోస్టర్లు చూసినవారికి ఈస్ట్‌మన్ కలర్ అన్న మాట బాగా జ్ఞాపకం ఉంటుంది. నటీనటుల పేర్లతో పాటు ఆ మాట కూడా పోస్టరు మీద కొట్టొచ్చినట్టు కనిపించేది. అదేదో కొత్త రకం రంగు పేరని అనుకున్నవారే ఎక్కువ. నిజానికి అది ఒక మనిషి పేరు. పూర్తి పేరు జార్జి ఈస్ట్‌మన్. అమెరికాలో ఒక మామూలు బ్యాంకు గుమాస్తా.

ఫిల్ము రీలును, దానితో నడిచే చేతి కెమెరాను సామాన్యుల ఇళ్లకు చేర్చింది ఆయనే. పెళ్లి పందిట్లో, తిరునాళ్లలో, బడి పిల్లల గ్రూపు ఫోటోలో, బంధువులు చివరిసారి ఒకచోట కూడినప్పుడు ఆ రీలు కెమెరాయే పనిచేసింది. దాదాపు 100 సంవత్సరాలు దానికి తిరుగులేకపోయింది. ఆ తర్వాత డిజిటల్ కెమెరా, దాని వెనుకే సెల్‌ఫోను వచ్చాయి. రీలు కెమెరా అటకెక్కింది. జిల్లాల్లోని ఫోటో స్టూడియోల వారు చీకటి గదులు తీసివేసి కంప్యూటర్లు పెట్టుకున్నారు. పెట్టుకోలేనివారు దుకాణం మూసి వేరే పని చూసుకున్నారు.

రీలు ఎలా పుట్టింది, ఎలా పోయింది అన్నది ఈస్ట్‌మన్ జీవితం చూస్తే తెలుస్తుంది.

తండ్రి లేని ఇల్లు

జార్జి ఈస్ట్‌మన్ 1854 జూలై 12న న్యూయార్క్ రాష్ట్రంలోని వాటర్‌విల్ అనే చిన్న ఊళ్లో జన్మించారు. ఇద్దరు ఆడపిల్లల తర్వాత పుట్టిన ఒక్కగానొక్క కొడుకు. తల్లి మరియా కిల్‌బర్న్. తండ్రికి ఊళ్లో 10 ఎకరాల భూమి, మొక్కల నర్సరీ ఉండేవి. ఆయన రోచెస్టర్ పట్నంలో వ్యాపార లెక్కలు నేర్పే కళాశాల కూడా నడిపేవారు. 1860లో కుటుంబం రోచెస్టర్‌కు మారింది. రెండేళ్లు తిరగకముందే, 1862లో తండ్రి కన్నుమూశారు. జార్జికి అప్పటికి 7 సంవత్సరాలు.

ఇల్లు గడవడం కష్టమైంది. తల్లి ఇంట్లో గదులు అద్దెకిచ్చి, అద్దెకున్నవారికి భోజనం పెట్టి పిల్లలను సాకింది. రెండో అక్కకు పోలియో. ఆమె కుర్చీబండికే అంకితమై 1870లో చనిపోయింది. ఇవన్నీ చూస్తూ పెరిగిన జార్జి 1868లో, తన 14వ ఏట బడి మానివేసి ఒక బీమా కార్యాలయంలో బంట్రోతుగా చేరాడు. జీతం వారానికి 3 డాలర్లు. ఆ తర్వాత మరో చోట 5 డాలర్లు. అది చాలదని రాత్రిళ్లు ఇంట్లో కూర్చుని జమా ఖర్చుల లెక్కలు నేర్చుకున్నాడు. 1874లో రోచెస్టర్‌లోని ఒక బ్యాంకులో చిన్న గుమాస్తా ఉద్యోగం దొరికింది. జీతం వారానికి 15 డాలర్లు. తల్లికి కాస్త ఊపిరి పీల్చుకునే వీలు చిక్కింది.

ఫోటో తీయాలంటే గుర్రం బరువు సామాను

1877 ప్రాంతంలో ఈస్ట్‌మన్‌కు సముద్రం దాటి శాంటో డొమింగోకు వెళ్లి చూసి రావాలని కోరిక కలిగింది. వెళ్తే అక్కడి దృశ్యాలు ఫోటోలు తీసుకురావచ్చు కదా అని తోటి ఉద్యోగి సలహా ఇచ్చాడు. ఆయన కెమెరా కొన్నారు. తీరా చూస్తే కెమెరా ఒక్కటే కాదు. పెట్టె అంత కెమెరా, దాన్ని నిలబెట్టే ముక్కాలి బల్ల, గాజు పలకలు, రసాయనాల సీసాలు, తొట్లు, నీళ్ల కూజా, ఇవి కాక ఒక నల్లటి గుడారం. మొత్తం కలిపితే ఒక గుర్రం మీద వేసే బరువు. వాడకం నేర్చుకోవడానికి ఒక ఫోటోగ్రాఫరుకు 5 డాలర్లు రుసుము చెల్లించవలసి వచ్చింది.

ఆనాటి పద్ధతి అటువంటిది. గాజు పలకకు జిగురు వంటి ఒక ద్రావకం పూసి, గుడారంలో చీకటి చేసుకుని వెండి లవణంలో ముంచాలి. ఆ తడి ఆరకముందే కెమెరాలో పెట్టి బొమ్మ తీయాలి. తీసిన వెంటనే మళ్లీ గుడారంలోకి పరుగెత్తి కడగాలి. కాస్త ఆలస్యమైతే బొమ్మ దక్కదు. వెండి లవణం చేతికి గాని బట్టకు గాని అంటితే జీడి మరకలా వదలదు. అందుచేత ఫోటో తీయడం ఆ విద్య నేర్చిన కొద్దిమందికే పరిమితమై ఉండేది.

ఈస్ట్‌మన్ శాంటో డొమింగో వెళ్లనే లేదు. ఇంత సామాను లేకుండా ఫోటో తీసే మార్గమే లేదా అన్న ఆలోచన ఆయనను పట్టుకుంది.

అమ్మ వంటింట్లో ప్రయోగాలు

ఇంగ్లండు నుంచి వచ్చే ఫోటోగ్రఫీ పత్రికలలో అప్పుడే ఒక కొత్త సంగతి వెలువడుతూ ఉంది. పశువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే జెలటిన్ అనే జిగురులో వెండి లవణం కలిపి గాజు పలకకు పూస్తే, అది ఆరిన తర్వాత కూడా పనిచేస్తుందని దాని సారాంశం. అంటే పలకలు ముందే తయారు చేసి దాచుకోవచ్చు. గుడారం అవసరం లేదు.

ఈస్ట్‌మన్ ఆ పని స్వయంగా చేయడానికి పూనుకున్నారు. పగలంతా బ్యాంకులో లెక్కలు. రాత్రి తల్లి వంటింట్లో ప్రయోగాలు. కొన్ని రాత్రులు పని ముగించి మంచం దాకా వెళ్లే ఓపిక లేక, పొయ్యి పక్కనే నేల మీద దుప్పటి కప్పుకుని పడుకునేవారు. మూడేళ్లపాటు ఇదే వరస.

చేత్తో ఒక్కొక్క పలకకు పూస్తే పూత ఒక చోట మందంగా, ఒక చోట పలుచగా వస్తుంది. అందుకని ఆయన పూత పూసే యంత్రం ఒకటి తయారు చేశారు. 1879లో లండన్ వెళ్లి దానికి పేటెంటు పొందారు. మరుసటి ఏడు అమెరికాలోనూ పేటెంటు లభించింది. 1880లో రోచెస్టర్‌లో ఒక మేడ మీది అంతస్తు అద్దెకు తీసుకుని పలకల తయారీ ప్రారంభించారు.

పెట్టుబడి పెట్టిన వ్యక్తి హెన్రీ స్ట్రాంగ్. ఆయన ఈస్ట్‌మన్ తల్లి ఇంట్లో గది తీసుకుని ఉన్న మనిషి. చేసే వ్యాపారం గుర్రపు బండ్ల చర్నాకోలల తయారీ. కొన్నేళ్లకు మోటారు కార్లు వచ్చి గుర్రపు బండ్లు పోయాయి. బండ్లతో పాటు చర్నాకోలల గిరాకీ పోయింది. అంతకు ఎంతో ముందే స్ట్రాంగ్ డబ్బు ఫోటో పలకలలోకి చేరడం విశేషం. 1881 జనవరి 1న వీరిద్దరి భాగస్వామ్యంలో ఈస్ట్‌మన్ డ్రై ప్లేట్ కంపెనీ ఏర్పడింది. అదే ఏడాది సెప్టెంబరులో ఈస్ట్‌మన్ బ్యాంకు ఉద్యోగానికి రాజీనామా ఇచ్చారు.

పాడైన సరుకు వెనక్కి

వ్యాపారం నిలదొక్కుకుంటుందనుకున్న సమయంలో పెద్ద దెబ్బ తగిలింది. దుకాణాలకు పంపిన పలకలు పాడైపోతున్నాయని కబుర్లు రాసాగాయి. బొమ్మ సరిగా పడటం లేదు. ఈస్ట్‌మన్ అమ్మిన సరుకుకు బాధ్యత తమదేనని నిర్ణయించారు. పాడైన పలకలన్నీ వెనక్కి తెప్పించి, బదులు మంచివి ఇచ్చారు. ఈ పనిలో కంపెనీ డబ్బు ఇంచుమించు ఊడ్చుకుపోయింది. పేరు మాత్రం నిలిచింది.

సరుకు ఎందుకు పాడవుతున్నదో మొదట అంతు పట్టలేదు. ఎన్ని ప్రయోగాలు చేసినా ఫలితం లేకపోయింది. చివరకు ఈస్ట్‌మన్, స్ట్రాంగ్ ఇంగ్లండు వెళ్లి విచారించగా లోపం జెలటిన్‌లో ఉన్నదని తేలింది. పద్ధతి సరైనదే, వాడిన జిగురు మారింది.

దీని మూల కారణం తెలియడానికి మరో 40 ఏళ్లు పట్టింది. 1920లలో కంపెనీ పరిశోధకులు జెలటిన్‌ను పరీక్షించి ఒక చిత్రమైన సంగతి కనుగొన్నారు. పశువులు ఆవ జాతి మొక్కలు మేస్తే, ఆవాలలోని గంధకం అంశ లేశమాత్రంగా వాటి ఎముకలు, తోళ్ల ద్వారా జెలటిన్‌లోకి వస్తుంది. ఫిల్ముకు వెలుతురును పట్టే శక్తి పెరగడానికి ఆ రవ్వంత ఆవ సారమే కారణం. అది లేని జెలటిన్ మందకొడిగా ఉంటుంది. పశువు మేతకూ ఫోటోకూ ఇంత సంబంధం ఉన్నదని అప్పటిదాకా ఎవరూ ఊహించలేదు.

చేతిలో ఉన్న వ్యాపారాన్ని వదులుకుని

పలకల వ్యాపారం మళ్లీ పుంజుకుంది. మరొకరైతే అక్కడితో తృప్తిపడి ఉండేవారు. ఈస్ట్‌మన్ మాత్రం గాజునే వదిలించుకోవాలని నిశ్చయించారు. గాజు బరువు. కింద పడితే పగులుతుంది. ఒక్కో పలకకు ఒక్కటే ఫోటో. గాజుకు బదులు చాపలా చుట్టగలిగిన వస్తువేదైనా దొరికితే, ఒకే చుట్టలో ఎన్నో ఫోటోలు పడతాయి.

విలియం వాకర్ అనే పనివాడితో కలిసి 1884లో ఆయన చుట్టను కెమెరాకు అమర్చే సాధనం రూపొందించారు. 1885లో కాగితం మీద పూత పూసిన ఫిల్ము విడుదల చేశారు. వృత్తి ఫోటోగ్రాఫర్లు దాన్ని మెచ్చుకోలేదు. వారికి గాజు పలక అలవాటు. పైగా గాజు మీద వచ్చినంత స్వచ్ఛంగా కాగితపు ఫిల్ము మీద బొమ్మ రాలేదు. వారి అసంతృప్తిలో న్యాయం లేకపోలేదు.

అప్పుడు ఈస్ట్‌మన్ గురి మార్చారు. ఫోటో విద్య వచ్చినవారిని ఒప్పించడానికి బదులు, ఆ విద్య బొత్తిగా రానివారికి కెమెరా ఇవ్వాలని తలపోశారు.

1888లో కోడక్ కెమెరా మార్కెట్టులోకి వచ్చింది. ఆ పేరుకు ఏ భాషలోనూ అర్థం లేదు. కె అక్షరం ఆయనకు ఇష్టం. తల్లి పుట్టింటి పేరు కూడా ఆ అక్షరంతోనే మొదలవుతుంది. పేరు పొట్టిగా ఉండాలి, ఎవరు పలికినా తప్పు పోకూడదు, మరే వస్తువుతోనూ పోలిక ఉండకూడదు అన్నవి ఆయన పెట్టుకున్న నియమాలు.

కెమెరా ఒక చిన్న పెట్టె. ధర 25 డాలర్లు. అందులో 100 ఫోటోలకు సరిపడే చుట్ట ముందే ఎక్కించి ఉండేది. తాడు లాగి, మీట నొక్కి, చుట్ట తిప్పుకుంటే సరి. 100 ఫోటోలూ అయిన తర్వాత కెమెరాను పెట్టెతో సహా రోచెస్టర్‌కు పార్సెల్ చేయాలి. 10 డాలర్లు పంపితే కంపెనీ వారు ఫిల్ము కడిగి, ప్రింట్లు వేసి, కొత్త చుట్ట ఎక్కించి తిరిగి పంపేవారు. ఫోటోలు గుండ్రంగా, రెండున్నర అంగుళాల వెడల్పున ఉండేవి. మీట నొక్కడం కొన్నవారి వంతు, మిగతా పనంతా కంపెనీ వంతు.

1889లో కాగితానికి బదులు పారదర్శకమైన ఫిల్ము వచ్చింది. కంపెనీ రసాయన శాస్త్రవేత్త హెన్రీ రైకెన్‌బాక్ దాన్ని తయారు చేశారు. కదిలే బొమ్మల యంత్రం కోసం శ్రమిస్తున్న ఎడిసన్ కర్మాగారానికి ఈ ఫిల్ము సరిగ్గా అక్కరకు వచ్చింది. వెండితెరకు పునాది అక్కడ పడింది. పలకల కోసం పెట్టిన కంపెనీ ఫిల్ము కంపెనీగా మారిపోయింది. 1892లో దాని పేరు ఈస్ట్‌మన్ కోడక్ కంపెనీ అయింది.

అదే కాలంలో సికింద్రాబాదులో

సరిగ్గా ఈ సంవత్సరాలలోనే మన ప్రాంతంలో గాజు పలకల మీద అపురూపమైన ఫోటోలు తీస్తూ ఉన్నారు రాజా దీన్ దయాళ్. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఫోటోగ్రాఫరు. 1886లో సికింద్రాబాదులో స్టూడియో నెలకొల్పారు. కోటలు, రాజభవనాలు, నవాబులు, వేటలు, దర్బారులు ఆయన కెమెరాకు ఎక్కాయి. 1905లో ఆయన దివంగతులయ్యారు. ఆయన గాజు నెగెటివులలో 2,857ను 1989లో ఢిల్లీలోని ఇందిరా గాంధీ జాతీయ కళా కేంద్రం సేకరించి భద్రపరచింది.

దీన్ దయాళ్ ముందు కూర్చుని ఫోటో తీయించుకోగలిగినవారు రాజులు, సంపన్నులు, అధికారులు. ఈస్ట్‌మన్ తయారుచేసినది కూలివాడి బిడ్డకు కూడా ఫోటో దక్కే సాధనం. ఒకరిది కళలో ఆరితేరిన చేయి. మరొకరిది కళ రానివాడికి చేయందించిన యంత్రం. యంత్రమే నెగ్గింది.

మతగురువు వేసిన పేటెంటు దరఖాస్తు

ఈస్ట్‌మన్ జీవితంలో అన్నీ మెచ్చదగినవే కావు. హానిబాల్ గుడ్విన్ అనే క్రైస్తవ మతగురువు కూడా పారదర్శకమైన ఫిల్ము మీద కృషి చేశారు. 1887లోనే, అంటే ఈస్ట్‌మన్ కంటే ముందే, పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. ఆయనకు పేటెంటు చేతికి వచ్చేసరికి 1898 అయింది. 1900లో ఆయన మరణించారు. ఆ పేటెంటు హక్కు పొందిన మరో కంపెనీ కోర్టులో దావా నడిపింది. చివరకు 1914లో ఈస్ట్‌మన్ కంపెనీ 50 లక్షల డాలర్లు చెల్లించుకుని ఆ వివాదం ముగించవలసి వచ్చింది. గుడ్విన్ అది చూడటానికి బతికి లేరు.

పోటీ కంపెనీలను కొనివేసి మార్కెట్టంతా తమ గుప్పిట్లో పెట్టుకున్నారని అమెరికా ప్రభుత్వం కూడా కంపెనీ మీద కేసు వేసింది. 1915లో న్యాయస్థానం ఆ ఆరోపణ నిజమేనని తీర్పు చెప్పింది. 1921లో రాజీ కుదిరి, కంపెనీ కొన్ని విభాగాలు అమ్ముకోవలసి వచ్చింది.

ఒక్క డాలరు కెమెరా

1900లో బ్రౌనీ కెమెరా వెలువడింది. అట్ట పెట్టెకు ఒక కటకం. ధర ఒక్క డాలరు. 6 ఫోటోల ఫిల్ము 15 సెంట్లు. బంట్రోతుగా ఈస్ట్‌మన్ తొలి వారం అందుకున్న 3 డాలర్లతో ఇలాంటి కెమెరాలు మూడు వస్తాయి. ముఖ్యంగా పిల్లలను ఉద్దేశించి చేసిన ఈ కెమెరా మొదటి ఏడాదే లక్షకు పైగా అమ్ముడుపోయింది. తర్వాతి కాలంలో మన దేశంలో డబ్బా కెమెరా అని పిలుచుకున్నవి ఈ కోవకు చెందినవే.

లాభం కెమెరాలో లేదు. దీపం చవకగా ఇచ్చి నూనె అమ్ముకున్నట్టు, కెమెరా చవకగా ఇచ్చి జీవితాంతం ఫిల్ము అమ్ముకోవడం ఈ వ్యాపారంలోని కిటుకు. ఒకసారి కెమెరా కొన్నవారు రీలు కోసం, కడిగించడం కోసం, ప్రింట్ల కోసం డబ్బు పెడుతూనే ఉంటారు. ఈ కిటుకే కంపెనీని మహా సంస్థగా చేసింది. తర్వాతి కాలంలో దాని కాళ్లకు బంధమైంది కూడా ఇదే.

సంపాదించినదంతా పంచిపెట్టి

ఈస్ట్‌మన్ పెళ్లి చేసుకోలేదు. తల్లి అంటే ప్రాణం. ఐశ్వర్యం వచ్చిన తర్వాత రోచెస్టర్‌లో పెద్ద భవంతి కట్టి ఆమెను అందులో ఉంచారు. 1907లో ఆమె మరణం ఆయనను కుంగదీసింది. ఆ ఇంటి హాలు పొందిక నచ్చక, 1919లో ఇంటిని రెండుగా కోయించి వెనుక భాగాన్ని 9 అడుగుల 4 అంగుళాలు వెనక్కి జరిపించిన పట్టుదల మనిషి ఆయన.

పనివారి విషయంలో ఆయన తీరు ఆ కాలానికి కొత్త. 1899లో తన సొంత డబ్బు నుంచి కార్మికులకు కానుకగా సొమ్ము పంచారు. 1912 నుంచి కంపెనీ లాభాలను బట్టి జీతం మీద అదనపు వాటా ఇచ్చే ఏర్పాటు చేశారు. 1919లో కంపెనీలో తన వాటాలలో మూడో వంతు, అంటే కోటి డాలర్ల విలువైన షేర్లు ఉద్యోగులకు ఇచ్చివేశారు.

విద్యాసంస్థలకు ఆయన చేసిన దానాలు అనేకం. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయానికి 1912లో 25 లక్షల డాలర్లు ఇచ్చినప్పుడు తన పేరు బయటపెట్టవద్దని షరతు పెట్టారు. దాత పేరు స్మిత్ అని మాత్రం లోకానికి చెప్పారు. ఆ స్మిత్ ఎవరో తెలియక 1920 వరకు అందరూ తలలు పట్టుకున్నారు. నల్లజాతి విద్యార్థుల కోసం నడిచే టస్కెగీ, హాంప్టన్ సంస్థలకు భారీ విరాళాలు ఇచ్చారు. రోచెస్టర్ విశ్వవిద్యాలయానికి వైద్య కళాశాల, సంగీత పాఠశాల సమకూర్చారు. పేద పిల్లల పళ్ల వైద్యం కోసం రోచెస్టర్‌లోనే గాక లండన్, పారిస్, రోమ్, బ్రస్సెల్స్, స్టాక్‌హోం నగరాలలోనూ వైద్యశాలలు కట్టించారు. ఆయన దానాల మొత్తం 10 కోట్ల డాలర్లు దాటింది.

1925లో కంపెనీ అధ్యక్ష పదవి నుంచి తప్పుకున్నారు. 70 ఏళ్లు దాటిన వయసులో రెండుసార్లు ఆఫ్రికా అడవులకు వెళ్లివచ్చారు. ఆ తర్వాత వెన్నెముక వ్యాధి పట్టుకుంది. నిలబడటం, నడవడం నరకమైంది. 1932 మార్చి 14న, 77వ ఏట, చేయవలసిన పని పూర్తయిందన్న భావంతో చిన్న ఉత్తరం రాసిపెట్టి తన ప్రాణం తానే తీసుకున్నారు. వేలమందికి వైద్యం సమకూర్చిన మనిషి తన బాధకు మందు దొరకక ఇలా పోవడం రోచెస్టర్ ప్రజలను కలచివేసింది. ఆయన అస్థికలను కర్మాగారం ఆవరణలోనే ఉంచారు. ఆయన ఇల్లు 1949 నుంచి ఫోటోగ్రఫీ ప్రదర్శనశాలగా ఉంది.

కంపెనీలో పుట్టిందే కంపెనీని కూల్చింది

ఈస్ట్‌మన్ పోయాక కూడా కంపెనీ పెరుగుతూనే వచ్చింది. 1950లో సినిమాల కోసం ఈస్ట్‌మన్ కలర్ ఫిల్ము వచ్చింది. 1965లో విడుదలైన తేనె మనసులు తెలుగులో ఆ ఫిల్ముతో తీసిన సాంఘిక చిత్రం. మన దేశంలో ఊటీలో ప్రభుత్వ రంగాన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ ఏర్పడి ఇందు పేరుతో ఫిల్ములు తయారు చేసింది. ఊరూరా స్టూడియోలు వెలిశాయి. 36 ఫోటోల రీలు వేసుకుని లెక్కపెట్టి మీట నొక్కే ఫోటోగ్రాఫర్లు తయారయ్యారు. ఎర్ర బల్బు వెలుగులో నెగెటివు నుంచి ప్రింటు తేలడం చూసి అబ్బురపడిన కుర్రవాళ్లు ఆ పనిలోనే స్థిరపడ్డారు.

ఆ రోజుల్లోనే, 1975లో, రోచెస్టర్‌లో కోడక్ ప్రయోగశాలలో స్టీవెన్ సాసన్ అనే యువ ఇంజనీరు రీలు అవసరం లేని కెమెరా ఒకటి అమర్చారు. బరువు మూడున్నర కిలోలకు పైగా ఉంది. నలుపు తెలుపు బొమ్మ. ఒక్క ఫోటో క్యాసెట్టు టేపులోకి ఎక్కడానికి 23 సెకండ్లు పట్టింది. చూడాలంటే టెలివిజన్ కావాలి. బొమ్మ మసకగా ఉంది. అయినా ప్రపంచంలో చేతితో పట్టుకెళ్లగల మొదటి డిజిటల్ కెమెరా అదే.

కంపెనీ పెద్దలకు అది అర్థం కాక కాదు. రీలు లేని కెమెరా అమ్మితే రీలు ఎవరు కొంటారు అన్నది వారి సందేహం. దీపం ఇచ్చి నూనె అమ్ముకునేవారికి నూనె అక్కర్లేని దీపం మింగుడుపడలేదు. తర్వాత డిజిటల్ కెమెరాలు తయారు చేసినా, ఫిల్ము ఆదాయం మీద ఆశ వదులుకోలేకపోయారు. గాజు పలకల మీద లాభాలు వస్తున్నప్పుడే పలకలను వదిలి ఫిల్ము పట్టిన వ్యవస్థాపకుని తెగువ అప్పుడు ఆ కంపెనీలో కనిపించలేదు.

2000 సంవత్సరం దాటాక ఫిల్ము అమ్మకాలు ఏటేటా పడిపోయాయి. 2004లో కోడక్ అమెరికాలో రీలు కెమెరాల అమ్మకం మానివేసింది. 2007లో రోచెస్టర్ కర్మాగారంలోని కొన్ని పెద్ద భవనాలను పేలుడు పదార్థాలతో కూల్చివేశారు. అందులో జీవితమంతా పనిచేసినవారు చూస్తూ నిలబడిపోయారు. 1935 నుంచి పేరుపొందిన కోడాక్రోం రంగుల ఫిల్ము తయారీ 2009లో నిలిచింది. 2012 జనవరి 19న కంపెనీ దివాలా పిటిషను దాఖలు చేసింది. 2013లో చాలా చిన్నదై బయటపడింది. 1988లో ప్రపంచమంతటా లక్షా 45 వేల మంది పనిచేసిన కంపెనీ అది. ఊటీలోని ఫిల్ము కర్మాగారం సైతం నష్టాలలో కూరుకుపోయి మూతపడింది.

గుడారం మోసిన ఫోటోగ్రాఫరుకు ఈస్ట్‌మన్ ఫిల్ము వల్ల ఏమైందో, చీకటి గదిలో ప్రింట్లు వేసిన మనిషికి సెల్‌ఫోను వల్ల అదే అయింది. 1888లో ఫోటో విద్య రానివారి చేతికి కెమెరా అందింది. ఇప్పుడు రీలు ఖర్చు కూడా లేకుండా అందింది. ఆ లెక్కన ఈస్ట్‌మన్ కోరిక నెరవేరినట్టే. దాని కోసం పని పోగొట్టుకున్నవారి సంగతి మాత్రం లెక్కల పుస్తకాలలో కనిపించదు. ఫ్రేము వెడల్పు, వెలుతురు పాళ్లు కంటితోనే కొలిచిన వారి నేర్పుకు ఇప్పుడు అడిగేవారు తక్కువ.

ఫిల్ము పూర్తిగా చావలేదు. రోచెస్టర్‌లో ఇప్పటికీ తయారవుతూ ఉంది. కొందరు సినిమా దర్శకులు, పాత కెమెరాల మీద మోజున్న యువకులు కొంటున్నారు. అయితే అది ఇప్పుడు అవసరం కాదు, ఇష్టం.

పల్లెల్లో చాలా ఇళ్లల్లో పాత రీలు కెమెరాతో పాటు నెగెటివుల కవర్లు ట్రంకు పెట్టెల అడుగున పడి ఉన్నాయి. కెమెరా పనికిరాకపోయినా నెగెటివులు పనికివస్తాయి. తడి, బూజు తగలకుండా పొడి కాగితపు కవర్లలో ఉంచితే చాలాకాలం నిలుస్తాయి. పట్టణాల్లోని కొన్ని స్టూడియోలలో వాటిని కంప్యూటర్‌కు ఎక్కించి మళ్లీ ఫోటో వేసి ఇస్తారు. ఫోన్లు వచ్చిన తర్వాత ప్రతి ఇంటిలోనూ ఫోటోలు కొల్లలు. తాతలు, అమ్మమ్మల ఫోటోలు మాత్రం చాలా ఇళ్లల్లో ఆ నెగెటివులలోనే ఉన్నాయి.